మాతే మాఅ టోంగా: టోంగా రగ్బీ లీగ్ జట్టు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది దక్షిణ ఆక్లాండ్‌లో. అక్టోబరు వచ్చిందంటే మా వీధిలో సగం ఇళ్ల కంచెలకు, కార్ల కిటికీలకు ఎర్ర జెండాలు లేస్తాయి. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు, కొత్తగా చదువుకోవడానికి వచ్చిన పిల్లలు "ఏంటండీ, ఇక్కడేమైనా ఎలక్షన్లా?" అని అడుగుతుంటారు. ఎలక్షన్లు కాదు, టోంగా మ్యాచ్. ఆ తర్వాత వరసగా వచ్చే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఇవే ఉంటాయి కాబట్టి అన్నిటికీ ఒకచోట జవాబులు రాసి పెడుతున్నాను.

అసలు టోంగా ఎక్కడుంది? ఎంత దేశం?

న్యూజిలాండ్‌కు ఈశాన్యంగా, పసిఫిక్ మహాసముద్రం మధ్యలో. దీవులు 170 దాకా ఉన్నా చాలావాటిలో మనుషులే ఉండరు. 2021 లెక్కల ప్రకారం జనాభా లక్ష, అంటే మన దగ్గర ఒక మోస్తరు మున్సిపాలిటీ అంత. రాజధాని నుకుఅలోఫా. ఇప్పటికీ రాజు ఉన్న దేశం. 1900 నుంచి 1970 దాకా బ్రిటన్ రక్షణ కింద ఉన్నా తమ రాజరికం ఏనాడూ పోలేదని, ఎవరికీ పూర్తిగా వలస కాలేదని టోంగా వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. 2018 జనాభా లెక్కల్లో ఒక్క న్యూజిలాండ్‌లోనే 82 వేల మందికి పైగా తాము టోంగన్లమని రాయించుకున్నారు. ఆస్ట్రేలియా, అమెరికాల్లో ఉన్నవాళ్లను కూడా కలిపితే దేశంలో ఉన్నవాళ్ల కంటే బయట ఉన్నవాళ్లే ఎక్కువ. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, కింద చెప్పబోయే కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

రగ్బీ అంటే తెలుసు, ఈ రగ్బీ లీగ్ ఏంటి? రెండూ ఒకటి కాదా?

కాదు. 1895లో ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతంలోని క్లబ్బులు, ఆట కోసం పని మానుకున్న కార్మికులకు ఆ రోజు కూలి ఇవ్వాలా వద్దా అనే గొడవ మీద హడర్స్‌ఫీల్డ్‌లో సమావేశమై విడిపోయాయి. అలా పుట్టిందే లీగ్. యూనియన్‌లో 15 మంది ఆడతారు, లీగ్‌లో 13 మంది. లీగ్‌లో బంతి ఉన్న జట్టుకు ఆరు ట్యాకిళ్ల వరకే అవకాశం, ఆరోసారి కూడా పట్టేస్తే బంతి అవతలివాళ్లకు అప్పగించాల్సిందే. ట్రైకి (బంతిని అవతలివాళ్ల గీత దాటించి నేలకు ఆనించడం) 4 పాయింట్లు, దాని మీద కొట్టే గోల్‌కు 2, పెనాల్టీ గోల్‌కు 2, ఆట నడుస్తుండగా కొట్టే డ్రాప్ గోల్‌కు (బంతిని నేలకు తాకించి తన్నేది) 1. చూడ్డానికి ఆగకుండా సాగే ఆట, గుద్దుకోవడాలు ఎక్కువ, కొత్తవాళ్లకు పది నిమిషాల్లో అర్థమైపోతుంది.

టోంగాకు యూనియన్ జట్టు వేరే ఉంది, దాని పేరు ఇకాలె తాహి, అంటే సముద్రపు గద్ద. 2011 యూనియన్ ప్రపంచకప్‌లో ఫ్రాన్స్‌ను 19-14తో ఓడించింది వాళ్లే. ఇక్కడ మాట్లాడుకుంటున్నది వాళ్ల గురించి కాదు.

'మాతే మాఅ టోంగా' అంటే?

టోంగా కోసం ప్రాణమైనా ఇస్తాం అని. లీగ్ జట్టుకు అదే పేరు, అదే నినాదం.

జట్టు ఎప్పుడు మొదలైంది?

1986లో. కుక్ దీవుల్లోని రారొటోంగాలో జరిగిన పసిఫిక్ కప్‌లో తొలిసారి దిగారు. మొదటి మ్యాచ్ వెస్టర్న్ సమోవాతో (ఇప్పటి సమోవా), అందులో ఓడారు. అప్పట్లో ఆ దీవుల్లో యూనియనే రాజ్యమేలేది, లీగ్ ఆడటానికి సరైన మైదానాలు కూడా ఉండేవి కావు. 1994లో ఫిజీ గడ్డ మీద ఫిజీనే ఫైనల్లో ఓడించి పసిఫిక్ కప్ గెలుచుకున్నారు, ఎనిమిదేళ్లలో అది చిన్న విషయం కాదు. ఆ మరుసటి ఏడాదే ప్రపంచకప్‌కు పిలుపు వచ్చింది.

1995 ప్రపంచకప్ గురించి పాతవాళ్లు ఇప్పటికీ ఎందుకు బాధపడతారు?

నోటి దాకా వచ్చిన ముద్ద జారిపోయింది కాబట్టి. ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో మొదటి మ్యాచ్, అవతల న్యూజిలాండ్. ఎవరూ టోంగాను లెక్కలోకి తీసుకోలేదు. చివరి పది నిమిషాల్లోకి వచ్చేసరికి స్కోరు చూస్తే టోంగా 24, న్యూజిలాండ్ 12. అక్కడి నుంచి న్యూజిలాండ్ పుంజుకుని సమం చేసింది, ఆఖర్లో మాథ్యూ రిడ్జ్ ఒక డ్రాప్ గోల్ కొట్టాడు. 25-24. ఒక్క పాయింటు! తర్వాత పాపువా న్యూగినీతో 28-28తో డ్రా చేసుకుని ఇంటికొచ్చేశారు.

ఆ మ్యాచ్‌లో ఓడినందుకు కంటే, తర్వాత 22 ఏళ్లు అలాంటి అవకాశం మళ్లీ రానందుకు ఎక్కువ బాధ. 2000లో దక్షిణాఫ్రికాను చిత్తుగా ఓడించి ఫ్రాన్స్, పాపువా న్యూగినీ చేతుల్లో ఓడారు. 2008లో ఐర్లండ్‌ను ఓడించినా సమోవా దగ్గర ఆగిపోయారు. 2013లో ఇటలీని, కుక్ దీవులను గెలిచినా స్కాట్లండ్‌తో 26-24తో ఓడినందుకు గ్రూపులో రెండో స్థానంలో మిగిలారు, ఆ గ్రూపు నుంచి ముందుకెళ్లేది ఒక్క జట్టే. ప్రతిసారీ అదే వరస.

మరి అంత బలమైన మనుషులు ఉండి అన్నేళ్లు ఎందుకు గెలవలేదు?

ఈ ప్రశ్నకే నేను ఎక్కువసేపు జవాబు చెబుతాను, ఎందుకంటే చాలామంది 2017 ప్రపంచకప్‌లో ఏదో అద్భుతం జరిగి చిన్న దేశం పెద్దదైపోయిందని అనుకుంటారు. అది నిజం కాదు. ఆటగాళ్లు ఎప్పుడూ ఉన్నారు. కాకపోతే వేరే దేశాల జెర్సీల్లో ఉన్నారు.

1960లు, 70ల నుంచి టోంగా కుటుంబాలు పనుల కోసం ఆక్లాండ్‌కు, సిడ్నీకి వలస వచ్చాయి. ఫ్యాక్టరీల్లో షిఫ్టులు, ఆదివారం చర్చి, శనివారం పిల్లల ఆట. ఆ పిల్లలు పెరిగి ఆస్ట్రేలియాలోని ఎన్‌ఆర్‌ఎల్ (అక్కడి పెద్ద రగ్బీ లీగ్ పోటీ) క్లబ్బుల్లో స్టార్లయ్యారు. దేశం తరఫున ఆడే వయసు రాగానే ఎంచుకోవాల్సి వచ్చేది: ఒకపక్క ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. అక్కడ మంచి మ్యాచ్ ఫీజు, ప్రతి ఏటా మ్యాచ్‌లు, టీవీలో కనబడటం. ఇంకోపక్క టోంగా. ఏడాదికి ఒక మ్యాచ్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు, చేతికి వచ్చేది నామమాత్రం. కుటుంబం మొత్తం ఒక్కడి సంపాదన మీద ఆశ పెట్టుకున్నప్పుడు ఇరవై ఏళ్ల కుర్రాడు ఏం చేస్తాడు? వాళ్లను తప్పు పట్టడానికి నాకు మనసు రాదు.

టోంగా మూలాలున్న జాన్ హోపోవాటే, జిమ్ డైమాక్ లాంటివాళ్లు 1995లో ఆస్ట్రేలియాకు ఆడారు. సరిగ్గా అదే ప్రపంచకప్‌లో టోంగా ఒక్క పాయింటుతో ఓడింది. లెక్క మీరే వేసుకోండి. జాన్ కొడుకు విల్ హోపోవాటే 2017లో ఎర్ర జెర్సీ వేసుకుని దిగాడు. తండ్రి తరానికీ కొడుకు తరానికీ మధ్య ఏం మారిందో అదే ఈ జట్టు చరిత్ర.

అయితే 2017లో ఏం మారింది?

జేసన్ టౌమలోలో మారాడు. మాట వరసకు అంటున్నది కాదు ఇది. ఆక్లాండ్‌లో పుట్టిన టోంగా కుర్రాడు, 2016లో ఆస్ట్రేలియా లీగ్‌లో ఆ ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే డాలీ ఎం అవార్డును కూపర్ క్రాంక్‌తో కలిసి అందుకున్నవాడు, నార్త్ క్వీన్స్‌లండ్ కౌబాయ్స్‌తో పదేళ్ల కాంట్రాక్టు చేసుకున్నవాడు. న్యూజిలాండ్ జట్టుకు అతనే వెన్నెముక. ప్రపంచకప్ ఇంకొన్ని వారాల్లో ఉందనగా, నేను టోంగాకు ఆడతాను అని చెప్పేశాడు. ఆండ్రూ ఫిఫిటా ఆస్ట్రేలియా జట్టును వదిలి వచ్చేశాడు. డేవిడ్ ఫుసితువా, మాను మావు, సియో సియువా టౌకేయాహో న్యూజిలాండ్‌ను కాదనుకుని వచ్చారు. అప్పటికే 2014 నుంచి కోచ్‌గా ఉన్న క్రిస్టియన్ వుల్ఫ్ ఓపిగ్గా ఒక్కొక్కరితో మాట్లాడి కట్టుకుంటూ వచ్చిన జట్టు అది, కెప్టెన్ సీకా మాను.

న్యూజిలాండ్‌లో కొందరికి చాలా కోపం వచ్చింది. ద్రోహం అన్నవాళ్లు కూడా ఉన్నారు. నాకు మాత్రం ఆ మాట ఎప్పుడూ మింగుడు పడదు. వచ్చే డబ్బు వదులుకుని, అమ్మానాన్నల దేశం కోసం ఆడతానంటే దాన్ని ద్రోహం అని ఎలా అంటారు?

అక్కడ పుట్టకపోయినా టోంగా తరఫున ఆడొచ్చా? రూల్ ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటుంది. పుట్టిన దేశం, తల్లిదండ్రుల దేశం, తాతముత్తాతల్లో తాత-అమ్మమ్మల తరం వరకు వాళ్ల దేశం, ఇవన్నీ చెల్లుతాయి. లీగ్‌లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఇంగ్లండ్‌లను మొదటి శ్రేణి అంటారు, టోంగా లాంటివి రెండో శ్రేణి. ఒక ఆటగాడు మొదటి శ్రేణి దేశాల్లో ఒకదానికే కట్టుబడాలి, కానీ అక్కడి నుంచి తన మూలాలున్న రెండో శ్రేణి దేశానికి మారడానికి నిబంధనలు వీలిస్తాయి. ఈ వెసులుబాటు లేకపోతే మాతే మాఅ టోంగా ఇవాళ ఇలా ఉండేది కాదు. 2022లో ఫెలీసె కౌఫుసి ఆస్ట్రేలియా నుంచి టోంగాకు వచ్చింది కూడా ఈ దారిలోనే.

పెద్ద జట్ల అభిమానులు దీన్ని అన్యాయం అంటారు. తరతరాలుగా చిన్న దేశాల పిల్లలను పెద్ద దేశాలు తీసుకెళ్లినప్పుడు ఎవరూ అనలేదు ఆ మాట.

హామిల్టన్‌లో న్యూజిలాండ్‌ను ఓడించిన మ్యాచ్ ఎలా జరిగింది?

2017 నవంబరు 11. దానికి ముందు స్కాట్లండ్‌ను 50-4తో, సమోవాను 32-18తో ఓడించి వచ్చారు. అయినా హాఫ్‌టైమ్‌కు న్యూజిలాండ్ 16, టోంగా 2. నేను చూస్తున్న చోట అందరూ మౌనంగా అయిపోయారు. "సరేలే, వచ్చారు, ఆడారు, చాలు" అన్నట్టుగా ఉంది ముఖాల్లో.

రెండో సగంలో ఏం జరిగిందో మాటల్లో చెప్పడం కష్టం. పెద్దగా మార్చిందేమీ కనబడలేదు, కానీ ప్రతి ట్యాకిల్ ఇంకాస్త గట్టిగా తగలడం మొదలైంది, ప్రతి పరుగు ఇంకో రెండడుగులు ముందుకు వెళ్లింది, ఫుసితువా మూడు ట్రైలు చేశాడు, 26 పాయింట్లు తెచ్చుకుని అవతలివాళ్లకు ఆరే ఇచ్చారు. 28-22. ఆటలో ఈ శ్రేణుల పద్ధతి వచ్చాక ప్రపంచకప్‌లో రెండో శ్రేణి జట్టు మొదటి శ్రేణి జట్టును ఓడించడం అదే మొదలు.

ఆ రాత్రుల్లో రోడ్ల మీద జనం అంటారు కదా, నిజంగా అంతమందా?

నిజంగానే. దక్షిణ ఆక్లాండ్‌లో ఓటాహుహు అని ఒక పేట ఉంది, మన ఇండియన్ కిరాణా షాపులు కూడా అక్కడ బాగానే ఉంటాయి. ఆ నవంబరంతా మ్యాచ్ అయిన ప్రతిసారీ పెద్ద రోడ్డు ఎర్రగా నిండిపోయేది. వెనక ట్రక్కు డాలాలో పదిమంది, ఒకరి చేతిలో డోలు, ఒకరి భుజం మీద పాప, కారు బానెట్ మొత్తం కప్పేసిన జెండా. నడుముకు తాఓవల, అంటే అల్లిన చాప, చుట్టుకున్న ముసలివాళ్లు ఫుట్‌పాత్ మీద కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. పండక్కో చర్చికో కట్టుకునే తాఓవలను మ్యాచ్‌కు కట్టుకున్నారంటే ఎంత గౌరవంగా తీసుకున్నారో చూడండి.

ఇంగ్లండ్‌తో సెమీఫైనల్‌లో చివర్లో ఏం జరిగింది? రెఫరీ తప్పు చేశాడా?

2017 నవంబరు 25, ఆక్లాండ్‌లోని మౌంట్ స్మార్ట్ స్టేడియం, 30 వేల మంది, వాళ్లలో ఎక్కువమంది ఎర్ర చొక్కాల్లోనే. ఆ మ్యాచ్ మా పక్కింటి గ్యారేజీలో చూశాను. పాత సోఫాలు, అద్దె కుర్చీలు, గోడకు ప్రొజెక్టర్ బొమ్మ. పక్కింటి పెద్దావిడ ఒక పెద్ద ట్రే నిండా 'లూ' తెచ్చి పెట్టింది. తీరా విప్పి చూస్తే ఆకు మన చేమాకే! చేమాకుల్లో మాంసం, కొబ్బరిపాలు పెట్టి పొట్లంలా చుట్టి కాలుస్తారు. ఆవిడకు మా అమ్మమ్మ చేసే చేమాకు పులుసు గురించి చెప్పాను, ఆవిడ శ్రద్ధగా వింది, అప్పటికి స్కోరు ఇంకా సున్నా.

73 నిమిషాలు వచ్చేసరికి ఇంగ్లండ్ 20, టోంగా 0. కొందరు లేచి కుర్చీలు మడవడం కూడా మొదలుపెట్టారు. అప్పుడు టెవిటా పంగాయ్ జూనియర్ ఒక ట్రై. వెంటనే సిలివా హవిలి ఇంకొకటి. ఆ తర్వాత టుయిమోవాలా లోలోహేయా మూడోది. 20-18. ఏడెనిమిది నిమిషాల్లో! మడిచిన కుర్చీలు ఎవరు మళ్లీ విప్పారో తెలీదు గానీ ఎవరూ కూర్చోలేదు. ఆఖరి క్షణాల్లో ఆండ్రూ ఫిఫిటా బంతి పట్టుకుని లైను వైపు దూసుకెళ్తుంటే వెనక నుంచి ఇంగ్లండ్ ఆటగాడు ఎలియట్ వైట్‌హెడ్ చెయ్యి పడింది, బంతి జారింది. ఫిఫిటా చేజార్చుకున్నాడని రెఫరీ నిర్ణయం. వీడియో చూడలేదు. ఆట ముగిసింది.

వైట్‌హెడ్ బంతిని లాగాడా, లేక ఫిఫిటా చేతిలోంచే జారిందా? నేను ఆ ముక్క వందసార్లు చూసి ఉంటాను. వీడియో రెఫరీకి పంపి ఉండాల్సింది అని మాత్రం గట్టిగా చెప్పగలను. తర్వాత వేలమంది పిటిషన్ మీద సంతకాలు పెట్టారు, జనం వీధుల్లోకి వచ్చారు, ఫలితం మారలేదు. పక్కింటి పెద్దావిడ మాత్రం టీవీ కట్టేయనివ్వలేదు. మైదానంలో మన పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేస్తున్నారు, అది అయ్యేదాకా ఉంచండి అంది.

మ్యాచ్ ముందు చేసే ఆ డాన్స్ హాకాయేనా?

కాదు, హాకా న్యూజిలాండ్ మావోరీలది. టోంగా వాళ్లది సిపి టావు. యుద్ధ నృత్యాల కుటుంబమే అయినా లయ వేరు, మాటలు వేరు. న్యూజిలాండ్, టోంగా తలపడినప్పుడు రెండూ ఎదురెదురుగా జరుగుతాయి, ఒకరి మీదికి ఒకరు నడుచుకుంటూ వస్తారు. మొదటిసారి చూసేవాళ్లు కొట్టుకుంటారేమో అని టెన్షన్ పడతారు. కొట్టుకోరు. ప్రత్యర్థికి ఇచ్చే మర్యాద అది.

నాకైతే సిపి టావు కంటే స్టేడియంలో పాటే ఎక్కువ ఇష్టం. వేలమంది వాయిద్యాలేమీ లేకుండా చర్చి కీర్తన పాడతారు, ఆడవాళ్ల గొంతులు ఒక స్వరంలో, మగవాళ్లవి కింది స్వరంలో, ఎవరూ నేర్పకుండానే కలిసిపోతాయి. టీవీలో దాని సగం కూడా వినబడదు.

ఆస్ట్రేలియాను నిజంగా ఓడించారా?

ఓడించారు. 2018 అక్టోబరులో ఆ రెండు జట్ల మధ్య చరిత్రలో మొదటి టెస్టు (దేశాల మధ్య మ్యాచ్‌ను ఈ ఆటలో అలా అంటారు) ఆక్లాండ్‌లో జరిగింది, అందులో 34-16తో ఆస్ట్రేలియా గెలిచింది. ఏడాది తిరిగేసరికి, 2019 అక్టోబరు 26న హామిల్టన్‌లో గ్రేట్ బ్రిటన్‌ను 14-6తో, వారానికే నవంబరు 2న ఆక్లాండ్‌లోని ఈడెన్ పార్క్‌లో ఆస్ట్రేలియాను 16-12తో ఓడించారు. న్యూజిలాండ్, బ్రిటన్, ఇంగ్లండ్ కాకుండా వేరే జట్టు చేతిలో ఆస్ట్రేలియా ఓడిపోవడం 1978లో ఫ్రాన్స్ తర్వాత అదే. ఎనిమిది రోజుల్లో రెండు పెద్ద జట్లు!

ఆ మ్యాచ్‌ల్లో 'టోంగా ఇన్విటేషనల్' అని ఎందుకు రాశారు?

ఇదొక బాధాకరమైన ముక్క. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, వీళ్లు రచ్చ గెలిచారు గానీ ఇంట్లో గొడవ. 2019లో టోంగా జాతీయ రగ్బీ లీగ్ సంఘం కోచ్ వుల్ఫ్‌ను తీసేసింది. ఆటగాళ్లు ఒప్పుకోలేదు, మేము ఆయన కింద తప్ప ఆడం అన్నారు, జట్టు నడిపే తీరు మీద, డబ్బు వ్యవహారాల మీద కూడా వాళ్లు ప్రశ్నలు లేవనెత్తారు. అంతర్జాతీయ సమాఖ్య ఆ సంఘాన్ని సస్పెండ్ చేసింది, మరుసటి ఏడాది బహిష్కరించింది. సంఘం లేదు కాబట్టి దేశం పేరుతో దిగడానికి కుదరలేదు, అందుకే ఆ రెండు మ్యాచ్‌లకూ ఇన్విటేషనల్, అంటే ఆహ్వాన జట్టు పేరుతో దిగారు. అదే కోచ్, అదే ఆటగాళ్లు, అదే ఎర్ర జెర్సీ. జనం తేడా ఏమీ చూడలేదు.

నా ఉద్దేశంలో ఆటగాళ్లు చేసింది సరైనదే. సరిగ్గా నడవని సంఘాన్ని ఆడేవాళ్లే నిలదీయకపోతే ఇంకెవరు నిలదీస్తారు?

2022 ప్రపంచకప్‌లో ఎందుకు తేలిపోయారు?

2021లో జరగాల్సిన టోర్నీ కోవిడ్ వల్ల 2022కి మారింది. 2019 నవంబరు తర్వాత రెండున్నరేళ్లకు పైగా ఈ జట్టుకు ఒక్క మ్యాచ్ లేదు. ఈ లోపు 2022 జనవరి 15న హుంగా టోంగా–హుంగా హాపాయ్ అగ్నిపర్వతం సముద్రంలో పేలి, సునామీ వచ్చి, సముద్రం అడుగున ఉన్న ఇంటర్నెట్ కేబుల్ తెగిపోయింది. ఇక్కడి వాళ్లకు అక్కడి అమ్మానాన్నల క్షేమం కూడా తెలియని రోజులు అవి. మా పక్కింటివాళ్లు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని ఉండటం నాకు కళ్ల ముందే ఉంది. ఇక్కడి మైదానాలు, చర్చిలు నీళ్లడబ్బాలు, బియ్యం, డబ్బాల్లో ప్యాక్ చేసిన తిండితో నిండిపోయాయి.

ఆటకొస్తే, పాపువా న్యూగినీని 24-18తో, వేల్స్‌ను 32-6తో, కుక్ దీవులను 92-10తో గెలిచి క్వార్టర్ ఫైనల్‌లో సమోవా చేతిలో 20-18తో ఓడారు. మళ్లీ రెండు పాయింట్లే, మళ్లీ 20-18. ఆ సమోవా తర్వాత ఇంగ్లండ్‌ను కూడా ఓడించి ఫైనల్‌కు వెళ్లింది. అంటే టోంగా తెరిచిన దారిలో సమోవా ఇంకొంచెం ముందుకు నడిచింది.

ఫిజీ, సమోవా వాళ్లతో వైరమా, స్నేహమా?

రెండూ. సమోవాతో మ్యాచ్ అంటే ఇక్కడ స్కూళ్లలో పిల్లలు రంగులు పంచుకుని నిలబడతారు, సమోవా నీలం, టోంగా ఎరుపు. కానీ మిగతా రోజుల్లో ఒకే ఇంట్లో రెండు జెండాలుంటాయి, పెళ్లిళ్లు అంతగా కలిసిపోయాయి.

ఫిజీ గురించి మనవాళ్లకు ఒక మాట చెప్పాలి. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల పనికి ఫిజీకి వెళ్లిన గిర్మిట్ (ఒప్పందపు) కూలీల్లో మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. ఆ ఫిజీ లీగ్ జట్టు 2008, 2013, 2017 మూడు ప్రపంచకప్పుల్లోనూ సెమీస్ చేరింది. 2017లో టోంగా చేతిలో దెబ్బ తిన్న వారానికే న్యూజిలాండ్‌ను 4-2తో ఇంటికి పంపింది కూడా ఫిజీయే, ఆ మ్యాచ్‌లో ఒక్క ట్రై కూడా లేదు.

సొంత దేశంలో ఎందుకు ఆడరు? ఆదివారం మ్యాచ్‌లు ఉండవా?

నుకుఅలోఫాలో టెవుఫైవా అనే స్టేడియం ఉంది. కానీ పెద్ద టెస్టుకు కావాల్సిన టికెట్ల రాబడి, టీవీ ఏర్పాట్లు, హోటళ్లు అన్నీ ఆక్లాండ్‌లోనో, సిడ్నీలోనో, బ్రిస్బేన్‌లోనో ఉన్నాయి, అభిమానుల్లో సగం పైగా కూడా ఇక్కడే. అందుకే మౌంట్ స్మార్టే వాళ్ల ఇల్లు అయిపోయింది. ఇది నాకు నచ్చదు. ఆ దీవుల్లో ఇసుక మీద ఆడుకునే పిల్లవాడు టౌమలోలోను కళ్లారా ఒక్కసారి చూడాలి కదా.

ఆదివారం సంగతి: టోంగాలో 1875 రాజ్యాంగమే ఆదివారాన్ని పవిత్రమైన రోజుగా చెప్పింది. ఆ రోజు అక్కడ ఆటలుండవు, వ్యాపారాలుండవు. ఇక్కడ జరిగే మ్యాచ్‌లకు ఆ నియమం వర్తించదు, అయినా ఆదివారం మ్యాచ్ పడిందంటే చర్చి అయ్యాకే బయల్దేరే కుటుంబాలు నాకు చాలా తెలుసు.

ఆ తర్వాత ఎలా ఆడుతున్నారు?

హెచ్చుతగ్గులుగా. 2023లో ఇంగ్లండ్ వెళ్లి మూడు టెస్టులూ ఓడారు. 2024 పసిఫిక్ చాంపియన్‌షిప్‌లో బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియా చేతిలో 18-0తో ఓడినా, నవంబరు 2న ఆక్లాండ్‌లో న్యూజిలాండ్‌ను 25-24తో ఓడించారు. ఆఖర్లో డ్రాప్ గోల్ కొట్టింది ఐజాయా కటోవా, ఎన్‌ఆర్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే 2022 ప్రపంచకప్‌లో టోంగాకు ఆడిన కుర్రాడు. 25-24! 1995లో ఓడిన స్కోరు సరిగ్గా అదే, ఈసారి ఒక్క పాయింటు ఇటువైపు. దానిమీద నేను చాలాసేపు మాట్లాడగలను. ఆ తర్వాతి వారం సిడ్నీలో ఫైనల్, ఆస్ట్రేలియాతో 20-14తో పోరాడి ఓడారు.

2025 మాత్రం గడ్డుకాలం. సమోవా చేతిలో 34-6, ఈడెన్ పార్క్‌లో న్యూజిలాండ్ చేతిలో 40-14. ఆ రెండో మ్యాచ్‌లో ఎలియేసా కటోవా తలకు దెబ్బలు తగిలి ఆపరేషన్ దాకా వెళ్లింది. స్కోరు ఎవరికి గుర్తుంటుంది అలాంటప్పుడు? తలకు దెబ్బ తగిలినవాణ్ని మైదానంలోకి పంపే ముందు ఈ ఆట ఇంకా చాలా జాగ్రత్త పడాలి, అభిమానులుగా మనం కూడా "లేచి ఆడాలి వీరుడు" అని కేకలు వేయడం మానాలి.

అమ్మాయిల జట్టు ఉందా?

ఉంది. 2022 జూన్‌లో మగవాళ్ల మ్యాచ్ రోజే ఆక్లాండ్‌లో న్యూజిలాండ్ అమ్మాయిలతో ఆడారు, ఓడారు. వాళ్లకు ఏడాది పొడుగునా మ్యాచ్‌లు దొరకాలి, అది ఇంకా జరగాల్సిన పని.

కొత్తగా చూడటం మొదలుపెడితే దేనితో మొదలుపెట్టాలి?

2017 హామిల్టన్ మ్యాచ్ రెండో సగం. హైలైట్స్ కాదు, మొత్తం నలభై నిమిషాలు. తర్వాత అదే ఏడాది ఇంగ్లండ్ మ్యాచ్ చివరి పది నిమిషాలు.

తర్వాతి ప్రపంచకప్ ఎప్పుడు? స్టేడియంకు వెళ్తే ఏం తెలుసుకోవాలి?

2026 అక్టోబరు, నవంబరుల్లో, ప్రధానంగా ఆస్ట్రేలియాలో. 2022లో క్వార్టర్స్ చేరినందుకు టోంగాకు చోటు నేరుగా వచ్చింది. సిడ్నీ, బ్రిస్బేన్‌లలో ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా వెళ్లగలిగితే వెళ్లండి. ఎర్ర చొక్కా వేసుకోండి, లేకపోతే పక్కవాళ్లే ఒక జెండా మీ భుజం మీద కప్పుతారు. గంట ముందే వెళ్లి కూర్చోండి. కీర్తన మొదలవగానే లేచి నిలబడండి, మాటలు రాకపోయినా పర్వాలేదు. మ్యాచ్ అవ్వగానే పార్కింగ్ కోసం పరుగెత్తకండి, గెలిచినా ఓడినా ఆటగాళ్లు మైదానం మధ్యలో వలయంగా మోకాళ్ల మీద కూర్చుంటారు, స్టాండ్స్‌లో ఉన్నవాళ్లు వాళ్లతో కలిసి పాడతారు, అది పూర్తయ్యాక మెల్లగా కదలండి.